పోయిన జట్టు తిరిగి రావాలంటే ముందు మైదానం కావాలి

హాస్టల్ వార్షికోత్సవ సంచిక అనగానే వార్డెన్ గారి సందేశం, అమ్మ మీద కవితలు, చదువు విలువ మీద వ్యాసాలు, వీడ్కోలు ఫొటోలు గుర్తుకొస్తాయి. అవన్నీ ఉండవలసినవే. ఈసారి నేను మాత్రం ఒక హాకీ జట్టు గురించి రాస్తున్నాను. పరీక్షలు, ఫీజు రీయింబర్స్‌మెంటు, గ్రూప్స్ నోటిఫికేషన్లు ఇన్ని ఉండగా హాకీ జట్టు గొడవ మనకెందుకు అని చెల్లెళ్లు అడగవచ్చు. చివరిదాకా చదివితే ఇది మన గొడవే అని ఒప్పుకుంటారని నా నమ్మకం.

విషయం ఇది. విశాఖపట్నం పేరు మీద ఒక ప్రొఫెషనల్ హాకీ జట్టు వచ్చింది, ఒక్క సీజన్ ఆడింది, వెళ్లిపోయింది. అలాంటి నగరం పోగొట్టుకున్న జట్టును మళ్లీ తెచ్చుకోగలదా? విశాఖకే సాధ్యం కాకపోతే మన నిజామాబాద్ వంటి ఊళ్ల మాటేమిటి? సాధ్యమేనని నా అభిప్రాయం. అయితే మనం అడుగుతున్న వరుస తప్పు. అదే ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నాను.

వచ్చిన జట్లు, పోయిన జట్లు

ముందు కథ తెలుసుకుందాం. 2003లో హైదరాబాద్‌లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగాయి. హాకీ పోటీలు గచ్చిబౌలిలో నడిచాయి, మన పురుషుల జట్టు పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ మైదానంలోనే 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలయింది. ఐపీఎల్ పుట్టడానికి మూడేళ్ల ముందే మన దేశంలో నగరాల పేర్లతో ఇలాంటి లీగ్ నడిచిందని మనలో చాలామందికి తెలియదు. మొదటి ఏడాది ఛాంపియన్ ఎవరో తెలుసా? హైదరాబాద్ సుల్తాన్స్. మన రాజధాని పేరు పెట్టుకున్న జట్టు దేశంలోనే మొట్టమొదటి హాకీ లీగ్ విజేత.

ఆ లీగ్ 2008తో ఆగిపోయింది. అదే ఏడాది మార్చిలో భారత జట్టు చిలీలో బ్రిటన్ చేతిలో ఓడి ఒలింపిక్స్‌కు అర్హత పోగొట్టుకుంది. ధ్యాన్‌చంద్ వంటి మహానుభావుడు ఆడిన దేశానికి ఒలింపిక్ హాకీలో చోటు లేకపోవడం అదే మొదటిసారి. ఏప్రిల్‌లో భారత ఒలింపిక్ సంఘం అప్పటి హాకీ సమాఖ్యను సస్పెండ్ చేసింది. లీగ్‌తో పాటు సుల్తాన్స్ కూడా పోయింది. 2012లో వరల్డ్ సిరీస్ హాకీ పేరుతో ఎనిమిది జట్లు వచ్చాయి, అందులో భోపాల్ ఉంది గానీ హైదరాబాద్ లేదు. 2013 నుంచి 2017 దాకా హాకీ ఇండియా లీగ్ నడిచింది. అందులో రాంచీ ఉంది, భువనేశ్వర్ ఉంది, లక్నో ఉంది. తెలుగు నేల పేరు మాత్రం లేదు.

2024 డిసెంబరులో ఆ లీగ్ మళ్లీ మొదలయినప్పుడు మనకు ఒకటి కాదు, రెండు జట్లు దొరికాయి. ఒకటి హైదరాబాద్ తూఫాన్స్. రెండోది విశాఖపట్నం స్థావరంగా ప్రకటించిన టీమ్ గోనాసిక. తూఫాన్స్ మొదటి ఏడాదే ఫైనల్‌కు చేరి, 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడింది. గోనాసిక ఆ ఒక్క సీజన్ ఆడి తప్పుకుంది. 2026 సీజన్‌లో ఆ జట్టు లేదు. విశాఖ పేరు జాబితాలోంచి పోయింది.

పేరు ఒకచోట, ఆట ఒకచోట

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. గోనాసిక అనేది విశాఖ మాట కాదు. ఒడిశాలో కెందుఝర్ జిల్లాలో వైతరణి నది పుట్టే చోటుకు ఆ పేరు. జట్టు స్థావరం విశాఖ అన్నారు గానీ ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా విశాఖలో జరగలేదు. ఆటంతా రూర్కెలా, రాంచీలలోనే నడిచింది. తూఫాన్స్ సంగతీ అంతే. 2024-25లో గానీ, చెన్నై, రాంచీ, భువనేశ్వర్‌లలో జరిగిన 2026 సీజన్‌లో గానీ తూఫాన్స్ సొంత ఊళ్లో ఆడలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

అందుకే "విశాఖ జట్టు పోయింది" అని బాధపడేవాళ్లను నేను ఒక ప్రశ్న అడుగుతాను. ఆ జట్టు విశాఖకు ఎప్పుడు వచ్చింది? బీచ్ రోడ్డులో పిల్లలు ఆ జట్టు చొక్కా వేసుకుని తిరిగారా? ఒక్క స్కూలు పిల్లలనైనా బస్సులో ఎక్కించి మ్యాచ్ చూపించారా? ఊరికి తెలియకుండా వచ్చిన జట్టు ఊరికి తెలియకుండానే పోతుంది. అలాంటి జట్టు కోసం ఏడ్చేవాడుండడు, ధర్నా చేసేవాడూ ఉండడు.

గెలిస్తే జట్టు నిలుస్తుంది అనుకుంటే అదీ నిజం కాదు. 2005లో సుల్తాన్స్ గెలిచింది, మూడేళ్లకు లేదు. 2025 జనవరిలో మొదటిసారి జరిగిన మహిళల హాకీ లీగ్‌ను ఒడిశా వారియర్స్ గెలిచింది. గోనాసికకూ దానికీ యాజమాన్యం ఒకటే. మరుసటి సీజన్‌కు ఆ ఛాంపియన్ జట్టు కూడా లేదు. ఫుట్‌బాల్ చూడండి. పూణే జట్టు స్థానంలో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22 సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. 2025లో అదే జట్టు ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. పూణే నుంచి వచ్చినప్పుడు మనం సంతోషించాం. ఢిల్లీకి పోయినప్పుడు పూణేవాళ్ల బాధ ఏమిటో మనకు తెలిసి ఉండాలి. కప్పు బీరువాలో ఉంటుంది, జట్టు మాత్రం లైసెన్సు ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఎకనామిక్స్ విద్యార్థినిని కాబట్టి కొంచెం లెక్క చెప్తాను. 2024-25 వేలంలో ఒక్కో పురుషుల జట్టు ఆటగాళ్ల కోసం ఖర్చు పెట్టుకోగలిగింది 4 కోట్ల రూపాయలు, మహిళల జట్టుకు 2 కోట్లు. తూఫాన్స్ ఒక్క గొంజాలో పెయిలాట్ కోసమే 68 లక్షలు పెట్టింది. ఆటగాళ్ల మీద ఖర్చు ఇది. విమానాలు, హోటళ్లు, కోచ్‌లు, లీగ్‌కు కట్టేది వేరే. ఇక ఆదాయం? ఆ సీజన్‌లో మ్యాచ్‌లకు ప్రవేశం ఉచితం. అంటే గేటు దగ్గర వచ్చే పైసా లేదు. మిగిలింది టీవీ, స్పాన్సర్లు. వాళ్లు చూసేది టీవీ ముందు ఎంతమంది కూర్చున్నారని. గ్యాలరీలో కూర్చున్నది రూర్కెలా వాళ్లా, విశాఖ వాళ్లా అన్నది వాళ్లకు పెద్దగా అక్కర లేదు.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, ఈ పద్ధతిలో యజమానికి ఊరుతో పని లేదు. చొక్కా మీద ముద్రించడానికి ఒక పేరు కావాలి, అంతే. నష్టం వస్తే ఆ పేరు తీసేయడానికి ఒక్క ఉత్తరం చాలు. మన పసుపు మార్కెట్‌లో ఏ అడ్తిదారైనా సరే సీజన్ అయిపోగానే దుకాణం ఎత్తేసి పోలేడు. ఎందుకంటే అతని బాకీలు, అతని రైతులు, అతని గోదాము అన్నీ ఇక్కడే ఉంటాయి. జట్టుకు కూడా ఊళ్లో బాకీలు, బంధాలు ఉండేటట్టు చేస్తేనే అది కదలదు.

పెద్ద నగరాలకు ఈ చిక్కు తక్కువ. 2012 సెప్టెంబరులో డెక్కన్ ఛార్జర్స్ రద్దయింది, అక్టోబరు కల్లా సన్‌రైజర్స్ వచ్చేసింది. హైదరాబాద్‌లో క్రికెట్ చూసే జనం ఉన్నారని కొనేవాడికి ముందే తెలుసు. అదే కొచ్చి చూడండి. 2011లో ఒక్క ఏడాది ఐపీఎల్ జట్టు నడిచింది, రద్దయింది, ఇప్పటికీ మళ్లీ రాలేదు. పెద్ద ఊరు వద్దనుకున్నా జట్టు వస్తుంది. చిన్న ఊరు పనిచేసి తెచ్చుకోవాలి.

తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు

కెనడా దేశంలో విన్నిపెగ్ అనే నగరం ఉంది. అక్కడ హాకీ అంటే మంచు మీద ఆడే హాకీ. 1996లో వాళ్ల జట్టును అమెరికాలోని ఫీనిక్స్‌కు తరలించారు. విన్నిపెగ్ జనం ఏడ్చారు గానీ ఆట మానలేదు. అదే ఏడాది కింది స్థాయి లీగ్ నుంచి ఒక చిన్న జట్టును తెచ్చుకున్నారు. పదిహేనేళ్లు దాన్నే చూశారు. 2004లో కొత్త స్టేడియం కట్టుకున్నారు. 2011లో అట్లాంటా జట్టు అమ్మకానికి వచ్చినప్పుడు, ఆ చిన్న జట్టును నడిపిన సంస్థే దాన్ని కొని ఊరికి తెచ్చింది. 13 వేల సీజన్ టికెట్లు చూస్తుండగానే అమ్ముడుపోయాయి.

అదే కెనడాలో క్యూబెక్ నగరం కూడా 1995లో జట్టును పోగొట్టుకుంది. జట్టును తిరిగి రప్పించాలని 18 వేల సీట్లతో గొప్ప స్టేడియం కట్టి 2015లో తెరిచారు. జట్టు మాత్రం రాలేదు. స్టేడియం కట్టగానే జట్టు రాదు, ఇల్లు అలకగానే పండుగ కాదు. పెద్ద లీగ్ తలుపు తీసే దాకా ఆటను ఊళ్లో బతికించుకోవడం, తలుపు తీసిన రోజున చేతిలో డబ్బు, సంస్థ సిద్ధంగా ఉండడం, ఈ రెండూ కావాలి. అదృష్టం కూడా కొంత కావాలి, కాదనను.

మన దగ్గర కూడా ఉదాహరణ ఉంది. అదీ విశాఖదే. 2014లో ప్రో కబడ్డీ మొదలయినప్పుడు తెలుగు టైటన్స్ సొంతగడ్డ మ్యాచ్‌లు విశాఖలో ఆడింది. తర్వాత హైదరాబాద్‌కు మారింది. 2018లో ఒకసారి విశాఖకు వచ్చి మళ్లీ పోయింది. ఏడేళ్ల తర్వాత, 2025 ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవం నాడే, పన్నెండో సీజన్ విశాఖలోనే మొదలయింది. కబడ్డీ ఎందుకు తిరిగి వచ్చింది? ఎందుకంటే అది ఊరూరా ఉంది. సంక్రాంతికి ఆడతారు, జాతరకు ఆడతారు, హాస్టల్ వెనక మట్టిలో ఆడతారు. లీగ్ పోయినా ఆట పోలేదు. ఆట పోని చోటికి లీగ్ మళ్లీ వచ్చింది.

రూర్కెలా చెప్పే పాఠం

హాకీకి అసలైన పాఠం రూర్కెలా. జనాభా లెక్కలు చూడండి. 2011 లెక్కల్లో విశాఖ నగరం 17 లక్షలు దాటింది. రూర్కెలా చుట్టుపక్కలంతా కలిపినా 5 లక్షల పైచిలుకు. మన నిజామాబాద్ 3 లక్షల పైచిలుకు. అంటే రూర్కెలా విశాఖకంటే మనకే దగ్గర. ఆ ఊళ్లో 20 వేలకు పైగా సీట్లున్న బిర్సా ముండా హాకీ స్టేడియం ఉంది. 2023 ప్రపంచ కప్ కోసం కట్టారు. అందరూ కూర్చుని చూసే హాకీ స్టేడియాల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా గిన్నిస్ రికార్డు దానిది.

అయితే ఆ స్టేడియం ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికి దశాబ్దాల ముందే రూర్కెలా పానపోష్‌లో ప్రభుత్వ స్పోర్ట్స్ హాస్టల్ ఉంది. హాస్టల్ అన్న మాట గమనించండి. ఆదివాసీ, దళిత, రైతుకూలీ కుటుంబాల పిల్లలు తిని, చదివి, ఆడుకునే హాస్టల్. సుందర్‌గఢ్ జిల్లాలో సౌనామారా అనే చిన్న పల్లె ఉంది. మూడు ఒలింపిక్స్ ఆడి, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడైన దిలీప్ టిర్కీది ఆ ఊరే. టోక్యోలో, పారిస్‌లో కాంస్యం గెలిచిన జట్లలో ఆడిన అమిత్ రోహిదాస్‌ది కూడా ఆ ఊరే. అమిత్ పానపోష్ హాస్టల్‌లో తయారైనవాడు. ఆ తర్వాతే, 2018లో ఒడిశా ప్రభుత్వం భారత హాకీ జట్లకు స్పాన్సర్ అయింది. ఆ తర్వాతే స్టేడియం, ఆ తర్వాతే లీగ్. హాస్టల్ ముందు, స్టేడియం తర్వాత, లీగ్ చివరన. ఇదీ వరుస.

తమిళనాడు కూడా ఇదే దారిలో నడుస్తోంది. 2025లో జూనియర్ ప్రపంచ కప్ హాకీని చెన్నైతో పాటు మదురైలో కూడా జరిపారు. రాజధాని ఒక్కటే ఊరు కాదని వాళ్లు గుర్తించారు. మన తెలుగు నేలలో కాకినాడ 2023లో సీనియర్ మహిళల జాతీయ హాకీ పోటీలకు ఆతిథ్యమిచ్చింది. చిన్న ఊరు పెద్ద పోటీ నడపగలదని చెప్పడానికి అది చాలు.

పసుపు బోర్డు నేర్పిన సంగతి

మా దొంకేశ్వర్ గానీ, నందిపేట గానీ, ఆర్మూర్ గానీ, ఎక్కడ నిలబడ్డా పసుపు గురించి మాట్లాడకుండా ఉండలేం. పసుపు బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. దేశమంతా మన వైపు చూసింది. 2023 అక్టోబరులో బోర్డు ప్రకటన వచ్చింది, 2025 జనవరిలో బోర్డు మొదలయింది, జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. చిన్న జిల్లా గట్టిగా అడిగితే ఢిల్లీ కూడా దిగివస్తుందని రుజువైంది.

కానీ ఒక సంగతి మరిచిపోవద్దు. బోర్డు రాకముందే ఇక్కడ పంట ఉంది. తవ్వేవాళ్లు, ఉడకబెట్టేవాళ్లు, కల్లంలో ఆరబోసేవాళ్లు తరాలుగా ఉన్నారు. పంట ఉన్న చోటికి బోర్డు వచ్చింది. హాకీలో మనం పంట వేయకుండా బోర్డు అడుగుతున్నాం.

ఇంకో చేదు ఉదాహరణ కూడా మన జిల్లాలోనే ఉంది. బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపించాలని అన్ని పార్టీలూ అన్నాయి. ఈలోపల చెరకు రైతు వరికి మళ్లాడు. పనివాళ్లు చెల్లాచెదురయ్యారు. ఏళ్లు గడిచిన కొద్దీ ఫ్యాక్టరీ తెరవడం కష్టం, చెరకు తేవడం అంతకంటే కష్టం. హైదరాబాద్ హాకీకి 2008 తర్వాత జరిగింది కూడా ఇలాంటిదే. పోయింది ఒక్క జట్టే అనుకున్నాం. జట్టును చూసి కట్టె పట్టుకోవలసిన ఒక తరం పిల్లలు కూడా పోయారు.

ముందు అన్నం, తర్వాత ఆట అంటారా?

ఈ వ్యాసం గురించి చెప్పినప్పుడు నా రూమ్మేట్ ఒకే మాట అంది. "హాస్టల్ పిల్లలకు సరైన కూర లేదు, నువ్వు హాకీ జట్టు కావాలంటున్నావు." ఆ మాటను నేను కొట్టిపారేయను. మెస్ చార్జీల కోసం మనం ఎన్ని వినతిపత్రాలు ఇచ్చామో అక్కలకు తెలుసు. 2024లో ప్రభుత్వం డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఎనిమిది నుంచి పదో తరగతి వారికి నెలకు 1100 ఉన్నది 1540 అయింది. ఇంటర్ నుంచి పీజీ వరకు 1500 ఉన్నది 2100 అయింది. పెరిగినందుకు సంతోషమే. కానీ 1540ని ముప్పై రోజులకు పంచి చూడండి, రోజుకు 51 రూపాయలు. ఆ పూట భోజనంతో పొద్దున లేచి రెండు గంటలు పరుగెత్తమంటే ఏ పిల్ల పరుగెత్తుతుంది?

అందుకే నేను జట్టు యజమానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వమని అడగడం లేదు. ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. ఉచిత స్థలం, పన్ను రాయితీ, ప్రకటనల పేరుతో సాయం ఇవన్నీ పొంది మరుసటి ఏడాది వెళ్లిపోయే సంస్థకు మన పన్ను డబ్బు ఎందుకు? ఆ డబ్బు మైదానానికి పెట్టాలి, కోచ్‌కు పెట్టాలి, ఆడే పిల్ల గుడ్డుకు, పాలకు పెట్టాలి. జట్టు పోయినా మైదానం ఎక్కడికీ పోదు. కోచ్ నేర్పిన ఆట పిల్ల చేతిలోంచి పోదు. అన్నానికీ ఆటకూ పోటీ పెట్టడం మనల్ని మోసం చేసే పాత పద్ధతి. పెద్దింటి పిల్లలకు ఎవరూ "అన్నమా, ఆటా" అని అడగరు. మనల్నే అడుగుతారు.

ఆట మనకు కాలక్షేపం కూడా కాదు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటిదాన్ని నేను. అమ్మ బీడీలు చుట్టి చదివించింది. డిగ్రీ పట్టా చేతికొచ్చాక తెలిసిందేమిటంటే, అలాంటి పట్టాలు పట్టుకుని నాలాగే వేలమంది క్యూలో ఉన్నారు. రైల్వే, పోలీసు, సైన్యం, బ్యాంకులు ఆటగాళ్లను తీసుకుంటాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం ఉంది. ఆ తలుపు ఉందని మాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. నేను చదివిన ఒక స్కూల్లో పీఈటీ పోస్టు మూడేళ్లు ఖాళీ. ఆటల పీరియడ్‌లో లెక్కలు చెప్పేవారు. జోనల్ పోటీలకు వెళ్లిన రోజున మొదటిసారి హాకీ కట్టె ముట్టుకున్నాం. అవతలి జట్టు మా మీద ఎన్ని గోల్స్ వేసిందో లెక్కపెట్టడం మానేశాం.

ఇలాంటి చోటు నుంచి కూడా ఎవరు ఎదిగారో చూడండి. నిఖత్ జరీన్ నిజామాబాద్ అమ్మాయి, 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్. గుగులోతు సౌమ్య మన జిల్లా తండా బిడ్డ, భారత ఫుట్‌బాల్ జట్టు క్రీడాకారిణి. యెండల సౌందర్య నిజామాబాద్ నుంచి వెళ్లి భారత మహిళల హాకీ జట్టుకు ఆడింది. మాలావత్ పూర్ణ మన సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. నలుగురూ ఆడపిల్లలే. ఇంకో వైపు చూస్తే, చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన రజని భారత జట్టుకు గోల్‌కీపర్ అయింది. ఈ నేలలో సత్తువ లేక కాదు, నీళ్లు పెట్టేవాళ్లు లేక.

మైదానం ఎవరిది?

మా ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలు బలమైనవి. వేలాల ద్వారా, చందాల ద్వారా లక్షలు కూడబెట్టి గుళ్లు కట్టిస్తాయి, రోడ్లు వేయిస్తాయి. ఆ కమిటీలు తలుచుకుంటే ఊరికో మైదానం కష్టం కాదు. ఈ మాట కొందరు పెద్దలు అంటుంటారు, అందులో నిజం ఉంది. కానీ కొన్ని ఊళ్లలో ఇలాంటి కమిటీలే దళిత కుటుంబాలను, వృత్తికులాలను సాంఘిక బహిష్కరణ చేశాయన్న కేసులు కూడా మన జిల్లాలో వచ్చాయి. బావి దగ్గర, హోటల్ దగ్గర గీత గీసే చోట మైదానం దగ్గర గీయరని ఎవరు హామీ ఇస్తారు? అందుకే ఆ మైదానం ప్రభుత్వ జాగలో, బడి ఆవరణలో, హాస్టల్ పక్కన ఉండాలి. చందా ఎవరిచ్చినా తాళంచెవి మాత్రం బడి దగ్గర ఉండాలి. అందరి పిల్లలు ఆడితేనే అది ఊరి జట్టు అవుతుంది.

మరి జట్టు మాటేమిటి?

మొదటి ప్రశ్నకు వస్తున్నాను. విశాఖకు హాకీ జట్టు మళ్లీ రాగలదా? రాగలదు. రాంచీని చూడండి. 2013లో రాంచీ రైనోస్ ఛాంపియన్. 2014 తర్వాత ఆ జట్టు తప్పుకుంది. మరుసటి ఏడాదే రాంచీ రేస్ వచ్చింది, 2015లో కప్పు గెలిచింది. 2017తో లీగే ఆగిపోయింది. లీగ్ తిరిగి మొదలయ్యాక రాంచీ పేరుతో పురుషుల జట్టు లేదు, అయినా అక్కడ మైదానం ఉంది కాబట్టి మ్యాచ్‌లు జరిగాయి. 2026 సీజన్‌కు రాంచీ రాయల్స్ పేరుతో మళ్లీ జట్టు వచ్చింది. జట్టు పోయినప్పుడల్లా రాంచీకి తిరిగి రావడానికి కారణం ఒక్కటే. అక్కడ ఆడే పిల్లలున్నారు, ఆడే జాగ ఉంది, చూసే జనం ఉన్నారు.

విశాఖకు గానీ, రేపు వరంగల్‌కు గానీ, ఎల్లుండి నిజామాబాద్‌కు గానీ జట్టు వస్తే ఊరు అడగవలసిన షరతులు కొన్ని ఉన్నాయి. జట్టుకు ఊరి పేరు ఉండాలి. సీజన్‌లో కొన్ని మ్యాచ్‌లైనా ఆ ఊళ్లో ఆడాలి. జట్టులో కొందరైనా ఆ ప్రాంతం పిల్లలు ఉండాలి, కనీసం శిక్షణలో వారిని వెంట పెట్టుకోవాలి. వెళ్లిపోయేటట్టయితే ముందే చెప్పాలి, పెట్టిన డిపాజిట్టు స్థానిక పిల్లల శిక్షణకు వదిలిపోవాలి. ఇవి రాసుకోకుండా వచ్చే జట్టు కోసం మన నాయకులు పూలదండలు పట్టుకుని విమానాశ్రయానికి పోవద్దు.

షరతులు పెట్టే శక్తి ఊరికి ఎప్పుడొస్తుంది? ఊళ్లో ఆట ఉన్నప్పుడు వస్తుంది. కాబట్టి పని మన దగ్గరే మొదలు కావాలి. నీలిరంగు సింథటిక్ టర్ఫ్‌కు కోట్ల రూపాయలు కావాలి, అది ప్రభుత్వం చేయాలి, జిల్లాకు ఒకటి చొప్పున మనం అడగాలి. కానీ దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర లేదు. మట్టి చదును చేసి మొరం పరిస్తే నేర్చుకోవడానికి చాలు. జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే చిన్న హాకీ కూడా ఉంది, దానికి పెద్ద మైదానం అక్కర లేదు.

ఉద్యోగాల్లో ఉన్న అక్కలకు, అన్నలకు నా విన్నపం. వార్షికోత్సవానికి మీరు ప్రతి ఏడాదీ ఏదో ఒకటి ఇస్తూనే ఉన్నారు. గోడ గడియారాలు, ఫ్యాన్లు, మెమెంటోలు ఇచ్చారు. ఈసారి ఇరవై రెండు హాకీ కట్టెలు, రెండు జతల గోల్‌కీపర్ ప్యాడ్లు ఇవ్వండి. జిల్లాలో ఉన్న సంక్షేమ హాస్టళ్లన్నిటికీ కలిపి ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ పుట్టినరోజున, ప్రతి ఏడాదీ ఒక టోర్నమెంటు పెడదాం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ హాస్టళ్లు అన్నీ రావాలి. ఆడపిల్లల పోటీ, మగపిల్లల పోటీ ఒకే రోజు, ఒకే మైదానంలో జరగాలి. రైల్వేలో, పోలీసులో హాకీ ఆడి ఉద్యోగం తెచ్చుకున్నవారిని ముఖ్య అతిథిగా పిలుద్దాం. మంత్రిగారు తర్వాత రావచ్చు.

చెల్లెళ్లకు ఒక మాట. పీఈటీ పోస్టు ఖాళీగా ఉంటే వినతిపత్రం రాయండి, మెస్ గురించి రాసినట్టే ఆట గురించి కూడా రాయండి. ఆటల పీరియడ్ మనకు దయగా ఇచ్చేది కాదు, టైంటేబుల్‌లో రాసి ఉన్న మన హక్కు.

పెద్ద జట్టు ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో నేను చెప్పలేను. అది యజమానుల చేతిలో, లీగ్ చేతిలో ఉంది. మొరం మైదానం, ఇరవై రెండు కట్టెలు, ఏడాదికొక టోర్నమెంటు మాత్రం మన చేతిలో ఉన్నాయి. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఈ పేజీలో వ్యాసానికి బదులు ఆ టోర్నమెంటు ఫలితాలు అచ్చు కావాలని కోరుకుంటున్నాను.

— పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. ఎకనామిక్స్,
దొంకేశ్వర్, నిజామాబాద్ జిల్లా